ఏడో చానెల్లో సింహాచలం

మైకు అప్పలస్వామి అంటే విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా తెలియని కల్యాణ మండపం లేదు. నేను నాబ్ ముట్టుకుంటే బొంగురు గొంతు కూడా తేనెలా పలికేదని జనం చెప్పుకునేవారు. జనం అంటే ముఖ్యంగా నేనే. ఇచ్ఛాపురానికి కూడా ఒక్కసారే బయల్దేరాం. పలాస దగ్గర వ్యాను ఆగిపోతే అక్కణ్ణించే వెనక్కొచ్చేశాం.

ఇలా మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేను కోసే కోతలు మీరు ముందే పట్టుకోవాలి. ఈ కాగితాల్లో చెప్పవలసిన నిజం ఒకటుంది. అది నా కోతల కింద దాక్కుని చాలా ఏళ్ళు బతికింది.

సినిమా పాటల ఆర్కెస్ట్రా ఒకదానికి ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సౌండు చూశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు కొందరు, అనుభవాలు రాసిపెట్టమని అడిగారు. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో నాకన్నా మీకే బాగా తెలుసు. మీ మిక్సరు ఫోనులోనే ఉంటుంది. కాబట్టి అది వదిలేస్తాను. నేను రాసేది ఒక మనిషి గురించి, ఆయన వాయించిన నాలుగు స్వరాల గురించి, వాటికి నేను పట్టించిన గతి గురించి.

పోయిన వేసవిలో ఆ మనిషి కూతురు భవాని మా ఇంటికొచ్చింది. వాళ్ళ నాన్న సింహాచలం మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది.

“మావయ్యా, నాన్న రోజంతా గోడకేసి సూస్తన్నాడు. గిటారు ఆ గోడకే తగిలించి ఉన్నాది. నేను వాయించింది ఎవడికీ వినబడలేదే అంటన్నాడు. నాన్న వాయించింది ఒక్క పాట, ఒక్కటంటే ఒక్కటి, నీ దగ్గర ఉన్నాదా? తీసికెళ్ళి వినిపిస్తాను.”

“ఒక్కటేటమ్మా! నలభై కేసెట్లున్నాయి. అన్నింట్లోనూ మీ నాన్నే. పది రోజుల్లో తెచ్చిస్తాను, నువ్వు నిశ్చింతగా పో.”

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. నలభై అన్నాను గానీ అటక మీంచి దింపితే ఇరవై ఆరే తేలాయి. అది చిన్న అబద్ధం. పెద్దది రెండో మాటలో ఉంది. అది అబద్ధమని ఆ నిమిషంలో నాకే గుర్తు లేదు.

వెనక్కెళ్ళి వినడం

నాకు పని నేర్పిన సౌండు సెట్టు ఓనరు చదువుకోలేదు. కానీ చెవి ఉంది. మొదటి రోజే నన్ను మిక్సరు దగ్గర్నుంచి లేపేశాడు.

“స్టేజీ పక్కన కూకున్నోడికి అన్నీ వినబడతాయిరా. సిట్టసివర నిలబడ్డ ముసలమ్మకి ఏటి వినబడతన్నాదో సూసి రా. ఆమెకి వినబడిందే మనం పెట్టిన సౌండు.”

ప్రతి ప్రోగ్రాంలోనూ రెండుసార్లు జనం వెనక్కి నడిచి వెళ్ళేవాణ్ణని అందరికీ చెబుతుంటాను. మొదటి నాలుగేళ్ళు నిజమే. తరవాత నాకంటూ చేతుల కుర్చీ ఒకటి వచ్చింది. కుర్చీ వచ్చాక నడక పోయింది.

ఈ పనిలో ఉన్న పెత్తనం ఎంతటిదో మీరు మొదట్లోనే తెలుసుకోవాలి. స్టేజీ మీద పదిమంది వాయిస్తారు. వాళ్ళలో ఎవరు వినబడాలో, ఎవరు వినబడకూడదో కింద కూర్చున్న ఒక్కడి బొటనవేలు తేలుస్తుంది. ఆ బొటనవేలిని ఎవరూ చూడరు. మా మిక్సరుకి పన్నెండు చానెళ్ళు. ఒకటి, రెండు పాడేవాళ్ళవి. మూడు, నాలుగు మేస్టారి కీబోర్డువి. తబలా, డ్రమ్ములు, లీడ్ గిటారు ఎక్కడివక్కడ. ఏడోది సింహాచలానిది.

నాలుగు స్వరాలు

సింహాచలం వాళ్ళది గుడిలో సన్నాయి మేళం వాయించే కుటుంబం. తండ్రి డోలు. ఇతను కుర్రతనంలో వాల్తేరు రైల్వే క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర బేస్ గిటారు పట్టుకున్నాడు. ఆ గార్డు నేర్పిన పద్ధతిని ఫంక్ అంటారట. ఆ పేరు మాకెవరికీ తెలియదు. మేం సింహాచలం నడక అనేవాళ్ళం.

బేస్ గిటారుకి నాలుగే తీగలు, లావుపాటివి. పాట వింటున్నప్పుడు దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు. ఇల్లు చూడ్డానికొచ్చినవాడు పునాది చూడనట్టే. ఇంకొకడైతే పన్నెండు స్వరాలు కుమ్మరించే చోట సింహాచలం నాలుగే వేసేవాడు. దుం. దుం దుం. తరవాత ఒక ఖాళీ. మళ్ళీ కొంచెం కిందికి, దుం. అంతే. పాట మొత్తం అదే. ఆ ఖాళీ దగ్గర మీ మెడ దానంతటదే ముందుకు వంగుతుంది. ఎందుకు వంగిందో మీకు తెలియదు. నాలుగో దుం వచ్చాక గానీ ఊపిరి వదలరు.

“ఏటి బావా, ఇంత సిన్న సంగతికి అంత పెద్ద గిటారా?” అని వెక్కిరించాను ఒకసారి.

“సిన్నదే. పట్టు. నువ్వు వాయించి సూడు.”

అవసరమైతే బేస్ నేనూ వాయించేవాణ్ణని మీలో చాలామందికి చెప్పాను. వాయించింది ఆ ఒక్క మధ్యాహ్నమే. రెండుసార్లు తిరిగాక మూడోసారి ఖాళీలో దూరిపోయాను. నాలుగోసారి కూడా. ఐదోసారి గిటారు చేతిలోంచి లాక్కున్నాడు.

“నీకు నోరూరుకోదు, సెయ్యీ ఊరుకోదు బావా. ఆ ఖాళీ నేను ఒగ్గేసింది కాదు. దాన్ని కూడా వాయించాల.”

మన రెండు జిల్లాల్లో గిటారు తల వెనక పెట్టి వాయించినవాళ్ళున్నారు, పళ్ళతో మీటినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సింహాచలం పేరు ఎవరూ చెప్పరు. అందరిలోకీ గొప్పవాడు అతనే. దీన్ని మాత్రం నా కోతల్లో కలపకండి.

ఈ సంగతి మొదట కనిపెట్టింది మాత్రం నేను కాదు, మా గాయని పార్వతి. “సింహాచలం బావు నా ఎనకాల నిలబడితేనే నేను పాడతాను. నా కాళ్ళ కింద నేల ఆయనే” అనేది. నేను నవ్వేవాణ్ణి.

చిరిగిన కోన్

రాజాంలో పెళ్ళి రిసెప్షన్. మేం కొత్త బేస్ బాక్సులు దింపిన మొదటి ప్రోగ్రాం. రెండో పాటకే కుడి బాక్సులోంచి గోనెసంచి చింపినట్టు చప్పుడొచ్చింది. స్పీకరు కోన్, లోపల అదిరే కాగితపు గిన్నె, చిరిగింది. కీబోర్డు వాయించే మా మేస్టారు, ఆర్కెస్ట్రా ఆయనదే, స్టేజీ దిగొచ్చి పెళ్ళివారి ముందే అడిగారు.

“ఏటైంది అప్పలస్వామీ?”

“సింహాచలం మరీ గట్టిగా మీటాడండీ. ఆ దెబ్బకి ఏ కోనూ ఆగదు.”

ఇరవై ఏళ్ళు ఈ కథ ఇలాగే చెప్పాను. జరిగింది వేరు. కొత్త బాక్సుల మోత వీధి చివర పాన్‌షాపు దాకా వినబడాలని ఆంప్లిఫయరు పూర్తిగా తిప్పేసింది నేను. మితిమీరిందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతోంది. చూశాను. చూసి, దాని మీద రుమాలు వేశాను. సింహాచలం ఎప్పుడూ వాయించినట్టే మెత్తగా వాయిస్తున్నాడు.

అతను నా వంక ఒక్కసారి చూసి, “సరే బావా, ఇకనించి మెల్లగా మీటుతాన్లే” అన్నాడు.

ఆ రోజునుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సాయంత్రం సౌండ్ చెక్ అప్పుడు ఏడో చానెల్ సగం దాకా లేపేవాణ్ణి, అతను తృప్తి పడేలా. ప్రోగ్రాం మొదలవగానే కిందికి లాగేసేవాణ్ణి, సున్నా దాకా. సింహాచలం వెనకాల సొంత బాక్సు చిన్నది ఒకటుండేది. దాంట్లోంచి అతనికి వినబడుతుంది, పక్కనున్న డ్రమ్ములాయనకి వినబడుతుంది, పార్వతికి వినబడుతుంది. స్టేజీ ముందున్న జనానికి వినబడదు. ఈ సంగతి అతనికి తెలియదనే నా ధైర్యం. బేస్ లేకపోతే కోన్లు చిరగవు, నా అబద్ధం కూడా నిలబడుతుంది.

చిరిగిన కోన్ మార్చుకోవచ్చు. తప్పు ఇంకొకడి మీదికి తోస్తే మాత్రం, దాన్ని కాపాడుకోవడానికి రోజూ ఇంకో చిన్న తప్పు చేస్తూ ఉండాలి. నేను చేసినది ఒక ఫేడరుని, చానెల్ సౌండు పెంచి తగ్గించే మీటని, రెండంగుళాలు కిందికి లాగడం. చెయ్యి నొప్పి కూడా పుట్టని పని.

గజపతినగరం

గజపతినగరంలో కాలేజీ వార్షికోత్సవం, మధ్యాహ్నం మూడింటికి. డిస్కో రోజుల నాటి డ్యూయెట్ ఒకటి పాడుతున్నారు. రెండో చరణంలో మేస్టారి కీబోర్డు కూతపెట్టి ఆగిపోయింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కాలింది. లీడ్ గిటారుదీ అదే బోర్డు, అదీ పోయింది. మేస్టారు రెండు చేతులూ ఊపుతూ “ఆపండి, ఆపండి” అన్నారు.

సింహాచలం బోర్డు అవతలి మూల ఉంది. అతను ఆపలేదు. దుం. దుం దుం. ఖాళీ. దుం. డ్రమ్ములాయన అతని మొహం చూసి తనూ ఆపలేదు.

సౌండు మనిషికి నిశ్శబ్దమంత భయం ఇంకోటి లేదు. చేతికి ఏది దొరికితే అది లేపాలి. ఏడో చానెల్ లేపాను.

ఆ తరవాత ఆరేడు నిమిషాలు ఏం జరిగిందో చెబుతాను. పార్వతి ఆ నాలుగు స్వరాల మీదే పల్లవి మళ్ళీ అందుకుంది. ముందు వరసలో పిల్లల మోకాళ్ళు కదిలాయి. ప్రిన్సిపాలు గారి చెప్పు నేల మీద తాళం వేస్తోంది, ఆయన మొహానికి ఆ సంగతి తెలియదు. సోడాల ట్రే పట్టుకుని నడుస్తున్న అటెండరు, ఖాళీ వచ్చినప్పుడల్లా ఆగి, నాలుగో దుం పడ్డాక అడుగు వేస్తున్నాడు. ఎన్నో ఏళ్ళ తరవాత నేను కుర్చీ లోంచి లేచి జనం వెనక్కి వెళ్ళాను. గోడకి ఆనుకుంటే గోడలో ఉంది ఆ నడక.

అటెండరు నా పక్కకొచ్చి అడిగాడు. “ఎవరు బావూ, ఆ మూల నిలబడ్డాయన?”

అన్నేళ్ళలో మిక్సరు దగ్గర కూర్చున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. “ఎవరో కొత్తోడు” అన్నాను.

బోర్డు మార్చారు. కీబోర్డు పలికింది. నేను వెనక్కొచ్చి కూర్చున్నాను. బొటనవేలు ఏడో చానెల్‌ని కిందికి లాగేసింది.

వ్యానెక్కే ముందు మేస్టారు నన్ను పక్కకి పిలిచారు. “ఈవేళ జనం ఎవరి వంక సూసారో గమనించావా? నా కీబోర్డులో ఎడమ చేత్తో ఆ బేసంతా నేనే ఇచ్చేస్తాను. ఏడోది తగ్గించే ఉంచు.”

“అలాగే మేస్టారూ” అన్నాను. అప్పటికే తగ్గించి ఉంచానని చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాదు. స్వరజ్ఞానంలో ఆయన కాలిగోటికి సరిపోయేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. కాకపోతే హాలు మొత్తం తన పది వేళ్ళలోనే ఉందని నమ్మేవారు. ఇన్నాళ్ళూ నన్నెవరైనా నిలదీస్తే “మేస్టారి ఆర్డరు” అందామనుకున్నాను. ఆర్డరు వచ్చేనాటికి నేను ఆ పని చేస్తూ ఆరేళ్ళయింది.

కేసెట్లు

భవానికి మాటిచ్చాక, ప్రోగ్రాంలప్పుడు రికార్డు చేసిన ఇరవై ఆరు కేసెట్లూ ముందేసుకున్నాను. పాత డెక్కు తుడిచి మొదటిది పెట్టాను. పార్వతి గొంతు ఉంది. కీబోర్డు, తబలా ఉన్నాయి. బేస్ లేదు. డెక్కు హెడ్డు మురికి పట్టిందేమోనని స్పిరిటుతో కడిగాను. రెండోది పెట్టాను. మూడోది. ఐదోది పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది.

డెక్కులోకి వెళ్ళే వైరు మిక్సరులోంచే వెళ్తుంది. మిక్సరులో లేనిది టేపులో ఉండదు. ఆ డెక్కు కొన్నదే రాజాం తరవాత.

గజపతినగరం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఏడో చానెల్ లేపాను కదా! వెతికి పెట్టాను. డ్యూయెట్ మొదలైంది. రెండో చరణం. కీబోర్డు కూత పెట్టింది. మేస్టారు “ఆపండి, ఆపండి” అంటున్నారు. ఆ మాటల కింద, పార్వతి మైకులోకి దూరంనుంచి జారిపడినట్టు, ఒక్క దుం. వెంటనే టక్. ఆ తరవాత కీబోర్డు, చప్పట్లు.

ఆ టక్ నా వేలు. ప్రోగ్రాంలో ఏదైనా చెడితే టేపు దండగ కాకుండా పాజ్ నొక్కడం మా పనిలో మంచి అలవాటు. కీబోర్డు చెడింది, నొక్కాను. కీబోర్డు పలికింది, వదిలాను. మధ్యలో ఆ ఆరేడు నిమిషాలు టేపు దండగ అవలేదు.

ఇరవై ఆరు కేసెట్లలో సింహాచలం మొత్తం ఒక్క దుం.

ఒక పూటంతా దొంగాలోచన కూడా చేశాను. కంప్యూటరు తెలిసినవాళ్ళ చేత పాటలకి బేస్ అతికించి ఇచ్చేస్తే? భవాని కనిపెట్టలేదు. కానీ వినేది సింహాచలం. వేరేవాడి ఖాళీని తనదనుకుంటాడా?

పది రోజులన్నవాణ్ణి నెల తిప్పాను. భవాని రెండుసార్లు ఫోను చేస్తే, కేసెట్లు ఎండలో ఆరబెడుతున్నానన్నాను. చివరికి డెక్కు, ఒక చిన్న బాక్సు, పాత మిక్సరు ఆటోలో వేసుకుని బయల్దేరాను. ఆ మిక్సరు మీద మిగతా అన్ని చానెళ్ళ అంకెలూ నా బొటనవేలి జిడ్డుకి అరిగిపోయాయి. ఏడు మాత్రం దాదాపు కొన్ననాటి తెలుపులోనే ఉంది.

వేలు వదలడం

సింహాచలం ఉండేది భోగాపురం దగ్గర కూతురింట్లో. అక్కడ విమానాశ్రయం పనుల రోలర్లు తిరుగుతుంటే కిటికీ రెక్కలు సన్నగా అదురుతున్నాయి. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టి ఉంది.

“వచ్చావేటి కోతలరాయుడా! విన్నావా ఆ రోలరు? సరిగ్గా లావు తీగ శ్రుతిలో ఉన్నాది” అన్నాడు.

భవాని టీ తెచ్చి, కేసెట్ల సంచి వంక ఆశగా చూసింది. ఆ చూపు మీద ఇంకో అబద్ధం పెట్టలేకపోయాను. రాజాం కోన్ దగ్గర్నుంచి గజపతినగరం పాజ్ దాకా మొత్తం చెప్పాను. రుమాలు సంగతి కూడా. భవాని టీ గ్లాసు నా చేతికి ఇవ్వకుండా కింద పెట్టేసింది.

“మావయ్యా, మరి అన్నింట్లోనూ నాన్నే అన్నావు?”

సింహాచలం కిటికీ మీంచి చూపు నా మీదికి తిప్పాడు.

“నాకు తెల్దనుకున్నావేటి బావా?”

“తెలుసా!”

“జనం కాళ్ళు కనబడతాయి కదేటి స్టేజీ మీంచి. సౌండ్ చెక్ అప్పుడు కుర్చీలేసే ఓడి కాలు కూడా ఆడేది. ప్రోగ్రాం మొదలెడితే ఒక్క కాలూ ఆడదు. ఏటనుకుంటాను? రెండో ప్రోగ్రాంకే తెలిసిపోనాది.”

“మరి నన్నెందుకు తన్నలేదు?”

“తందామనే దిగబోయాను ఒకరోజు. పార్వతి ఎనక్కి సూసి నవ్వి, నా సౌండు పట్టుకుని పాటలో పైకెళ్ళిపోనాది. సరే, ఒక్క మనిషికి వినబడతన్నాది కదా, సాలనుకున్నాను.” తల తిప్పుకున్నాడు. “సాల్లేదు బావా. అబద్ధం ఎందుకు. సాల్లేదు.”

క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. “ఆ ఒక్క దుం ఉంది. వింటావా?” అన్నాను.

పెట్టాను. రెండో చరణం, కూత, “ఆపండి, ఆపండి”, దుం, టక్. సింహాచలం కుడి చెయ్యి దుప్పటి మీద కదిలింది. టక్ తరవాత కూడా కదులుతూనే ఉంది. నాలుగు సార్లు, ఒక ఖాళీ.

“భవానీ, ఆ గిటారు దింపు” అన్నాడు.

గిటారు అతని ఒళ్ళో పెట్టి వైరు ఏడో చానెల్లో గుచ్చాను. ఫేడరు సగం దాటాక కరకరమంది. అంతకు పైకి అది ఆ ఒక్క మధ్యాహ్నమే వెళ్ళింది. చివరిదాకా తోసేశాను. అతని ఎడమ పక్కన కూర్చుని గిటారు మెడ పట్టుకున్నాను.

“ఐదో మెట్టు మీద నొక్కు, లావు తీగ. నేను మీటుతాను. మూడు మీటాక వేలు ఒదులు. పూర్తిగా తియ్యకు, తీగని తాకి ఉంచు, అప్పుడే నోరు మూస్తాది. తర్వాత మూడో మెట్టు.”

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ ఖాళీ ఎడమ చేతి పని. ఇన్నేళ్ళూ అతను దాన్ని వేలితో పట్టుకుని ఉన్నాడు, జనం ఊపిరి పట్టినంతసేపూ. ఏ క్షణంలో మూయాలో, ఏ క్షణంలో తెరవాలో తెలిసి మూయడం వేరు. నేను మూసింది వేరు.

“ఒదులు! ఒదలరా మొద్దు ఎదవా! మళ్ళీ.”

భవాని ఫోనులో రికార్డింగు నొక్కి మా ఎదురుగా స్టూలు మీద పెట్టింది. టేపు మళ్ళీ మొదట్నుంచి వేశాను. పార్వతి పాడుతోంది, కింద మేమిద్దరం. కూత వచ్చింది, “ఆపండి” వచ్చింది. టక్ దగ్గర భవాని డెక్కు ఆపేసింది. మేం ఆపలేదు.

అది భవాని దగ్గర ఉంది. మీలో ఎవరైనా అడిగితే వినిపిస్తుంది. అందులో రోలరు మోత ఉంది, ఫేడరు కరకర ఉంది, నన్ను తిట్టిన తిట్లన్నీ ఉన్నాయి. మూడో నిమిషంలో ఒకచోట ఖాళీ సరిగ్గా పడింది. మెడ వంగుతుంది మీకు. అది నేను వదిలిందే.

సింహాచలం మోకాలితో పొడిస్తే వదిలాను.